బాయ్‌కాట్: అబ్బాయీ లేడు, మంచమూ లేదు

శ్రీకాకుళం నుంచి:
పదో తరగతిలో ‘బాయ్‌కాట్’ చెప్తుంటే ఒకడు లేచి, "బాయ్ అంటే అబ్బాయి, కాట్ అంటే మంచం. రెండూ కలిస్తే బహిష్కరణ ఎలాగయిందండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది గానీ వాడి ప్రశ్నలో తప్పేటుంది? పుట్టుక తెలిసినవాళ్లు చెప్పండి.

విజయనగరం నుంచి:
మాస్టారూ, అది ఇంటిపేరు. చార్లెస్ బాయ్‌కాట్, ఐర్లండులోని మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములకి ఏజెంటు. మన ఎస్టేట్లలో దివానుగిరీ లాంటి ఉద్యోగం. 1880లో రైతులు శిస్తు తగ్గించమన్నారు. అడిగినంత తగ్గించలేదు సరికదా, భూములు ఖాళీ చెయ్యమని నోటీసులిచ్చాడు. దాంతో ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. పాలేర్లు మానేశారు, కమ్మరి పని చెయ్యనన్నాడు, బట్టలుతికే మనిషి రాలేదు, కొట్టువాడు సరుకివ్వలేదు. ఆఖరికి పొలంలో దుంపల పంట తియ్యడానికి ఐర్లండు ఉత్తరం వైపు నుంచి 50 మందిని తెచ్చారు. వాళ్లకి కాపలా వెయ్యిమంది దాకా సైనికులూ పోలీసులూ! దుంపల కన్నా కాపలాకే ఎన్నో రెట్లు ఖర్చయింది. డిసెంబరు మొదట్లో ఆయన ఐర్లండే వదిలి వెళ్లిపోయాడు.

ఇక మాట సంగతి. మనిషిని అందరూ దూరం పెట్టడానికి ఇంగ్లీషులో ఉన్న ‘ఆస్ట్రసైజ్’ అనే మాట రైతులకి అర్థం కాదని, బదులుగా ఈయన పేరునే క్రియ చేసెయ్యమని ఓమేలీ అనే చర్చి ఫాదర్ సలహా ఇచ్చాడట. నెలల్లోనే పత్రికలకెక్కింది, ఫ్రెంచి, జర్మన్ భాషల్లోకీ పోయింది.

పలాస నుంచి:
అయితే మన ‘వెలి’ ఇదే కదండీ? నిప్పూ నీళ్లూ, చాకలీ మంగలీ ఆపెయ్యడం.

విజయనగరం నుంచి:
పని తీరు అదేనండి, దిశ వేరు. వెలి వేసేది కులపెద్దలు, పడేది గతిలేనివాడు. బాయ్‌కాట్‌లో పేదలంతా కలిసి పెత్తందారుని దూరం పెట్టారు. అందుకని పిల్లలకి ‘వెలివేశారు’ అని చెప్పకండి, ‘బహిష్కరించారు’ నయం.

పలాస నుంచి:
మరి 1940లో మా మందస రైతులు జమీందారుని ఎదిరించారు, వీర గున్నమ్మ పోలీసు కాల్పుల్లో పోయింది. దానికి ఈ మాట వాడొచ్చా?

విజయనగరం నుంచి:
వాడకూడదు. అది తిరుగుబాటు. బాయ్‌కాట్ అంటే పని, బేరం, పలకరింపు మానుకోవడం, అంతవరకే.

శ్రీకాకుళం నుంచి:
బాగుందండి. రేపు ముందు ఆ దుంపల కథే చెప్తాను, అర్థం వాడే పట్టుకుంటాడు.