అంబాసిడర్ 1489 సీసీ: పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టడం గురించి

మార్క్4_బెజవాడ

బండి మార్క్ 4, పెట్రోల్. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా స్పార్క్ పంచేది) లూకాస్‌ది, ఒంటి మీద 25డి4 అని ఉంది. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ ఉంది, బ్యాటరీ నెగటివ్ బాడీకి. కాయిల్ ప్రైమరీ మల్టీమీటర్‌లో 3.2 ఓమ్‌లు చూపిస్తోంది, బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్ కరెంటు తగ్గించేది) లేదు. ప్లగ్ వైర్లు రాగి తీగవి.

పాయింట్లు (కాయిల్ కరెంటు కలిపి విడదీసే కాంటాక్టులు) 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మి.మీ. గ్యాప్‌తో పెట్టి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిచేస్తే వెయ్యి కిలోమీటర్లు దాటగానే పికప్ పోతోంది. తీసి చూస్తే గ్యాప్ 10 థౌకి వచ్చేస్తోంది. ఇప్పుడు దొరికే కండెన్సర్ల మీదా నమ్మకం లేదు. డిస్ట్రిబ్యూటర్ లోపలే పట్టే, మ్యాగ్నెట్ రింగు ఉన్న కిట్ వేద్దామనుకుంటున్నాను, పెర్ట్రానిక్స్, అక్యుస్పార్క్ తరహాది. కాయిల్ మార్చాలా? ముందుగా ఏం చూసుకోవాలి? దారిలో కిట్ పోతే పరిస్థితేంటి?

బుష్_ఆట

కిట్‌కి డబ్బు కట్టేముందు క్యాప్, రోటర్ తీసి షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి ఊపండి. వేళ్లకి "టక్ టక్" మని ఆట తెలిసిందంటే షాఫ్ట్ తిరిగే బుష్ అరిగింది. చేతికి తెలియనంత మాత్రాన బాగున్నట్టు కాదు, డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) మీటర్ పెట్టాలి. వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసేసి, ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎంలో ఒకసారి చూడండి. 25డి4కి డ్వెల్ 60°, అటూ ఇటూ 3°. రెండు రీడింగులకీ మధ్య తేడా 3° దాటితే షాఫ్ట్ సంగతి ముందు చూడాలి.

మీ పికప్ పోవడానికి కారణం మాత్రం పాయింట్ల హీలే, అంటే క్యామ్‌కి రాసుకునే ముక్క. హీల్ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. డ్వెల్ 1° పెరిగితే క్రాంక్ దగ్గర టైమింగ్ దాదాపు 1° వెనక్కి జరిగినట్టే. వెయ్యి కిలోమీటర్లకే 5 థౌ అరగడం మామూలు విషయం కాదు. క్యామ్ మీద తుప్పు గరుకుందేమో గోటితో గీసి చూడండి, గ్రీజు రాశారో లేదో చూడండి. అగ్గిపుల్ల కొసకి అంటినంత గ్రీజు చాలు. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది.

కిట్ వేస్తే హీల్ గొడవ, కండెన్సర్ గొడవ పోతాయి. అరిగిన బుష్, బిగుసుకున్న సెంట్రిఫ్యూగల్ వెయిట్లు (వేగాన్ని బట్టి టైమింగ్ జరిపేవి), చిరిగిన వ్యాక్యూమ్ డయాఫ్రమ్ అలాగే ఉంటాయి. వ్యాక్యూమ్ గొట్టం నోటితో పీల్చి నాలుకతో మూయండి. బేస్ ప్లేట్ కదిలి అక్కడే నిలబడాలి. వెంటనే వెనక్కి జారితే డయాఫ్రమ్ పోయినట్టే.

ఇంకో మాట. కాయిల్ అదే అయితే కిట్‌తో స్పార్క్ బలం పెద్దగా పెరగదు. అమ్మేవాళ్లు చెప్పే మైలేజీ లెక్కలు పక్కన పెట్టండి. టైమింగ్ కదలకుండా ఉంటుంది, దానికోసమే వేసుకోవాలి.

టైమింగ్‌లైట్

కాయిల్ మార్చక్కర్లేదు. ఈ తరహా మామూలు కిట్లకి 4 సిలిండర్ ఇంజన్‌లో కాయిల్ ప్రైమరీ 3 ఓమ్‌లకి తగ్గకూడదు. మీది 3.2, ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇచ్చినా 4.4 ఆంపియర్లే. పొరపాటున కూడా బ్యాలస్ట్ తరహా 1.5 ఓమ్‌ల కాయిల్ నేరుగా కలపకండి, 9 ఆంపియర్లు దాటి కిట్‌లోని మాడ్యూల్ (పాయింట్ల బదులు కరెంటు ఆపి వదిలేది) మాడుతుంది. "స్పోర్ట్స్ కాయిల్" అని అంటగడితే కొట్లోనే మీటర్ పెట్టి చూడండి.

కిట్ 25డి కోసం చేసిందేనని అడిగి తీసుకోండి. డీఎం2, 45డి రకం డిస్ట్రిబ్యూటర్లకి వేరే కిట్లుంటాయి. బిగించే పద్ధతి ఇది.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. క్యాప్ పైన 1వ సిలిండర్ వైరు ఏదో గుర్తు పెట్టుకోండి, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది. రోటర్, పాయింట్లు, కండెన్సర్, పక్కనున్న వైరు టెర్మినల్ అన్నీ తీయాలి. కండెన్సర్‌ని "ఉంటే ఏమవుతుందిలే" అని కాయిల్ నెగటివ్ వైపు వదిలేయకండి, మాడ్యూల్ స్విచింగ్ చెడిపోతుంది. రేడియో గరగర కోసం పాజిటివ్ వైపు పెట్టిన కెపాసిటర్ ఉంటే ఉండనివ్వండి.

ఇప్పుడు బేస్ ప్లేట్ నుంచి బాడీకి వచ్చే చిన్న గుడ్డ తొడుగు ఎర్త్ వైరు చూడండి. వ్యాక్యూమ్‌తో ప్లేట్ కదిలిన ప్రతిసారీ అదీ వంగుతుంది, ఏళ్ల తరబడి వంగి లోపల తీగ తెగి, పైన తొడుగు మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది. చాలా కిట్లకి ఎర్త్ బేస్ ప్లేట్ ద్వారానే. మాడ్యూల్ పోయిందని పారేసిన కిట్లలో కొన్నింటి తప్పు ఈ వైరుదే. మీటర్ ఒక మొన ప్లేట్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి, ప్లేట్‌ని వేలితో కదుపుతూ ఓమ్‌లు చూడండి. అంకె ఎగిరితే వైరు మార్చండి. మెత్తటి సన్నతీగల వైరే వాడాలి, బిరుసుది వేస్తే ప్లేట్ కదలదు.

మాడ్యూల్ స్క్రూ బిగించి, మ్యాగ్నెట్ రింగు క్యామ్ నాలుగు మూలల మీద కూర్చునేలా అడుగుదాకా నొక్కండి. రింగుకీ సెన్సర్‌కీ మధ్య దూరం కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ గేజ్‌తో పెట్టాలి. తర్వాత రోటర్ పూర్తిగా దిగిందో లేదో చూడండి. రింగు మందానికి అది పైకి లేచి ఉంటే క్యాప్‌లోని కార్బన్ ముక్కని నలిపేస్తుంది. మళ్లీ ఓసారి గొట్టం పీల్చి, ప్లేట్ కదిలినప్పుడు వైర్లు రింగుకి రాసుకోకుండా చూసుకోండి.

ఎర్ర వైరు కాయిల్ పాజిటివ్‌కి, నల్లది నెగటివ్‌కి. పాత కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటే మీ బండిలో ఎస్‌డబ్ల్యూ పాజిటివ్, సీబీ నెగటివ్. తారుమారైతే మాడ్యూల్‌కి రెండో అవకాశం ఉండదు.

రాగి ప్లగ్ వైర్లు తీసేయండి. వాటి నుంచి పుట్టే గోల పక్కనే ఉన్న సెన్సర్‌ని తికమక పెడుతుంది, వేగంలో మిస్సింగ్ వస్తుంది. కార్బన్ వైర్లు వేయండి, లేదా రాగివే ఉంచి నంబరులో "ఆర్" ఉన్న రెసిస్టర్ ప్లగ్గులు వేయండి. ప్లగ్ గ్యాప్ 25 థౌ దగ్గరే ఉంచండి.

ఇక టైమింగ్. పాయింట్లతో ఉన్న చోటు ఇప్పుడు పనికిరాదు, లైట్ పెట్టి మళ్లీ చేయాల్సిందే. మీ మాన్యువల్‌లోని అంకెకే పెట్టండి, వ్యాక్యూమ్ గొట్టం మూసి. పుల్లీ గాడికి వైట్‌నర్ చుక్క పెడితే బాగా కనబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఒంటిని సవ్యంగా తిప్పితే అడ్వాన్స్. టైమింగ్ కొద్దికొద్దిగా సరిచేసే వెర్నియర్ నట్ ఉన్న రకమైతే బారెల్ మీద ఒక గీత దాదాపు 5°, అంటే 55 క్లిక్కులు. క్లాంప్ బోల్టు మరీ బిగించకండి, ప్లేట్ వంగితే ఇక ఎంత బిగించినా పట్టదు.

కాంటాక్ట్‌బ్రేకర్

పాయింట్లంటే అంత కక్ష అక్కర్లేదు. పాయింట్లు ఉంచి, వాటితో ట్రాన్సిస్టర్ బాక్స్‌ని నడిపించే పద్ధతి ఉంది. కాయిల్ కరెంటు 4 ఆంపియర్లు ట్రాన్సిస్టర్ మోస్తుంది, పాయింట్ల గుండా పోయేది అందులో చిన్న వంతే. మొనలు కాలవు, కండెన్సర్ అవసరం లేదు. బాక్స్ పోతే రెండు వైర్లు మార్చి కండెన్సర్ కలిపితే బండి కదులుతుంది. హీల్ అరగడం మాత్రం ఆగదు. అందుకే బెజవాడ గారి బండికి ఇది సగం మందే.

కిట్ వేసుకుంటే ఒక పని చేయండి. పాత బేస్ ప్లేట్ పారేయకుండా, దాని మీదే పాయింట్లు, కండెన్సర్ బిగించి, ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవర్‌తో సహా డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచండి. కిట్ కోసం వేరే ప్లేట్ సంపాదించుకోండి. దారిలో పోతే రోడ్డు పక్కన పావుగంట పని. విడి పాయింట్లు దాచుకుంటే ఆ చిన్న స్క్రూ చీకట్లో డిస్ట్రిబ్యూటర్‌లోకి జారుతుంది, ఆ వెతుకులాట పగవాడికి కూడా వద్దు.

పాత రోటర్ బాగుంటే అదే ఉంచండి. కొత్తగా వచ్చే నల్ల రోటర్లలో కొన్నింటికి రివెట్ కాలు లోపలికి దిగి, షాఫ్ట్ దాకా పల్చటి ప్లాస్టిక్కే మిగులుతుంది. వేడెక్కాక స్పార్క్ అక్కడ షాఫ్ట్‌లోకి దూకుతుంది. రివెట్ లేని ఎర్ర రోటర్ దొరికితే మంచిది.

ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ నడపకుండా పాటలు వినే అలవాటుంటే ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. పాయింట్లు తెరుచుకుని ఉంటే ఏమీ కాకపోవచ్చు, మామూలు కిట్ మాత్రం ఐదు నిమిషాల్లో కాయిల్‌తో పాటు వేడెక్కి పోతుంది.

మార్క్4_బెజవాడ

చూశాను. డ్వెల్ ఐడిల్‌లో 58°, 2500లో 63°. క్యామ్ నున్నగానే ఉంది గానీ పొడిగా ఉంది. ఎర్త్ వైరు బాగుంది. పాయింట్లు మూసి ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే బ్యాటరీ పాజిటివ్‌కీ కాయిల్ పాజిటివ్‌కీ మధ్య 1.4 వోల్టులు పడుతోంది. కిట్‌కి ఇది ఇబ్బందా?

బుష్_ఆట

తేడా 5°, బుష్ మార్చాల్సిందే. అరిగిన బుష్‌తో మ్యాగ్నెట్ రింగు ఊగి సెన్సర్‌కి తగిలినా తగలొచ్చు. కొత్త కంచు బుష్‌ని పల్చటి ఇంజన్ ఆయిల్‌లో 24 గంటలు నాననిచ్చి అప్పుడు ఎక్కించాలి. తొందరైతే ఆయిల్‌ని 100 డిగ్రీలకి వేడిచేసి అందులో 2 గంటలు. లేత్ అతను "కొంచెం రీమర్ పెడతా" అంటే వద్దనండి. ఆ కంచుకి సన్నటి రంధ్రాలుంటాయి, రీమర్ పెడితే అవి పూడి నూనె పట్టదు. కిట్ వేశాక కూడా రోటర్ కింద షాఫ్ట్ తలలో రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ మానకండి.

టైమింగ్‌లైట్

1.4 వోల్టులు ఎక్కువే, 0.5 లోపు ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 9.5కి దిగితే కాయిల్ దగ్గర మిగిలేది 8 వోల్టులు, అక్కడ పాయింట్లు పనిచేసినా మాడ్యూల్ మొండికేయొచ్చు. పొద్దున్నే సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు, తాళం వదిలిన క్షణాన "భుక్" మంటుంది. తప్పు సాధారణంగా పాత ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులదే. స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే వైరుని 4 కాళ్ల రిలేలో 86కి ఇచ్చి, 85 ఎర్త్ చేయండి. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా 30కి, 87 నుంచి కాయిల్ పాజిటివ్‌కి. కిట్ ఎర్ర వైరు కూడా అక్కడికే. ముందు బుష్, తర్వాత రిలే, కిట్ చివర్లో. మూడూ ఒకేరోజు చేస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు దేన్ని అనుమానించాలో తెలియదు.