షియోంగ్నుల గురించి సిమా చియెన్ రాసింది నమ్మొచ్చా?

తాళపత్రం:
హాన్ చైనాకు ఉత్తరాన గడ్డిమైదానాల్లో తిరిగిన షియోంగ్నుల గురించి మనకు అందిన రాతంతా దాదాపు శత్రువులదే. క్రీ.పూ. 91 ప్రాంతంలో ముగిసిన 'షిజీ' అనే చరిత్ర గ్రంథంలో హాన్ ఆస్థాన చరిత్రకారుడు సిమా చియెన్ వాళ్ళకు మర్యాదా ధర్మమూ తెలియవంటాడు. మంచి తిండి కుర్రాళ్ళు తిని, మిగిలింది ముసలాళ్ళకు పెడతారట. తండ్రి పోతే సవతి తల్లిని పెళ్ళాడతారట. నేనైతే ఈ అధ్యాయాన్ని పక్కన పడేస్తాను.

గుర్రపుడెక్క:
తొందరపడకండి తాళపత్రం గారూ, అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి వెళ్ళండి. జోంగ్‌హాంగ్ యుయె అని ఒక అంతఃపుర నపుంసకుడు. హాన్ రాజకన్య వెంట షియోంగ్నుల దగ్గరికి బలవంతంగా పంపితే వాళ్ళలోనే కలిసిపోయాడు. హాన్ దూత సరిగ్గా ఈ నిందలే వేస్తే అన్నీ తిప్పికొడతాడు. కొడుకు సరిహద్దు కాపలాకి వెళ్తుంటే మీ ముసలి తల్లిదండ్రులు తమ తిండీ బట్టా తీసివ్వరా? ఇక్కడా పోరాడేది కుర్రాళ్ళే కదా అంటాడు. సవతి తల్లిని చేసుకునేది వంశం నిలవడానికట. ఒట్టి పక్షపాతి అయితే ఎదుటివాడి వాదన ఇంత ఓపిగ్గా రాస్తాడా?

ఎండుమిర్చి:
రాస్తాడు, కడుపుమంట ఉంటే! షియోంగ్నులకు లొంగిపోయిన సేనాని లీ లింగ్ తరఫున మాట్లాడినందుకు హాన్ చక్రవర్తి వూ సిమా చియెన్‌కు వృషణాలు కోయించాడు. ఆ కసి జోంగ్‌హాంగ్ నోట పలికించి ఉండొచ్చు. అదీ పక్షపాతమే, కాకపోతే రెండో వైపుది.

గుర్రపుడెక్క:
కావచ్చు బ్రదర్. కానీ దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత బాన్ గూ అనే మరో చరిత్రకారుడు తన 'హాన్‌షు' గ్రంథంలో షియోంగ్నులవి మనిషి ముఖాలు, మృగాల గుండెలు అని తేల్చేశాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తామా?

తాళపత్రం:
మరి షియోంగ్నులకు ఊళ్ళు లేవు, సేద్యం లేదన్న సిమా చియెన్ మాట? రష్యాలో ఉలాన్ ఉదె దగ్గర ఇవోల్గాలో ఆ కాలపు ఊరే బయటపడింది, నాగలి కర్రులతో సహా.

ఎండుమిర్చి:
అది చెరపట్టిన చైనా రైతుల పని అనేవాళ్ళూ ఉన్నారండీ. అయినా అంతదూరం ఎందుకు? క్రీ.పూ. 119లో హాన్ సేనాని వెయ్ చింగ్ సైన్యం జావ్ షిన్ అనే షియోంగ్ను కోటలో షియోంగ్నుల ధాన్యం తిని, మిగిలింది తగలబెట్టిందని రాసిందీ ఈయనే. తన మాట తనే కొట్టేసుకున్నాడు.

తాళపత్రం:
సరే, అధ్యాయాన్ని పడేయనులెండి. కానీ షియోంగ్ను రాజు మావ్‌దున్ కూతపెట్టే బాణంతో తన గుర్రాన్నీ, పెళ్ళాన్నీ కొట్టి, ఆ బాణం ఎటు పోతే అటే బాణాలు వేయాలని మనుషులకు తర్ఫీదిచ్చి చివరికి తండ్రిని చంపించాడన్న కథ? అది మాత్రం నమ్మమనకండి.