ఎనిమిది నెలలు లండన్, జర్మనీ, డాలస్, టొరంటో: వీసాలు, మందులు, పెన్షన్ ఎలా సర్దుకోవాలి?

కరకట్ట_రోడ్

అందరికీ నమస్కారం. నాకు 66, మా ఆవిడకు 62. నాది కేంద్ర ప్రభుత్వ పెన్షన్. ఏప్రిల్ 15న హైదరాబాద్ నుంచి బయలుదేరాలని ఉంది. ముందు లండన్‌లో మరదలి ఇంట్లో 3 వారాలు. మే 6న స్టుట్‌గార్ట్‌లో స్నేహితుడి దగ్గరికి, అక్కడి నుంచి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మేనల్లుడి ఇంటికి. జూన్ 12న డాలస్, అమ్మాయి దగ్గరికి. సెప్టెంబర్‌లో 3 వారాలు టొరంటోలో బావమరిది ఇంట్లో, మళ్లీ డాలస్. డిసెంబర్ 5న తిరుగు ప్రయాణం. వీసాలేవీ ఇంకా తీసుకోలేదు.

ఏ వీసా ముందు పెట్టాలి? కెనడా వెళ్లొస్తే అమెరికాలో మళ్లీ కొత్తగా 6 నెలలు ఇస్తారంటున్నారు, నిజమేనా? ఇద్దరికీ బీపీ, నాకు షుగర్. మందులు మొత్తం ఇక్కడే కొనుక్కుని వెళ్లొచ్చా? ఆవకాయ, నెయ్యి సంగతి కూడా చెప్పండి.

మంజీర_ఒడ్డు

వరస బాగా వేసుకున్నారు. ఇబ్బంది తెచ్చేది తిరుగు తేదీ ఒక్కటే, ముందు అది చూద్దాం.

అమెరికా వీసా పదేళ్లకు ఇచ్చినా, ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు. ఆ తేదీ ఐ-94 రికార్డులో పడుతుంది. మామూలుగా 6 నెలలు ఇస్తారు. జూన్ 12న దిగితే డిసెంబర్ 11 అవుతుంది. మీ టికెట్ డిసెంబర్ 5న, అంటే చేతిలో ఉన్నవి 6 రోజులే. జ్వరమొచ్చినా, మంచు తుఫానుకు విమానం రద్దయినా ఆ తేదీ దాటిపోవచ్చు. ఒక్కరోజు దాటినా అప్పటిదాకా ఉన్న వీసా చెల్లకుండా పోతుంది. తిరుగు ప్రయాణం నవంబర్ ఆఖరి వారానికి జరపండి. ఐ-539 అనే దరఖాస్తు పెట్టి పొడిగించుకోవచ్చు కానీ, దానికి ఫీజుంది, నెలల తరబడి జవాబు రాదు. ముందే దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు.

కెనడా సంగతి: అక్కడ 30 రోజుల లోపు ఉండి తిరిగొస్తే సాధారణంగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. ఆఫీసరు కొత్త తేదీ ఇచ్చే అవకాశం ఉంది కానీ, ఇవ్వాలని లేదు. డాలస్‌లో దిగిన ప్రతిసారీ అదే వారంలో ఐ-94 వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ నంబరు కొట్టి తేదీ చూసుకుని, కాగితం ప్రింట్ తీసుకోండి. పేరులోనో తేదీలోనో తప్పుంటే వెంటనే దిద్దించుకోవచ్చు. ఆర్నెల్ల తర్వాత అది చాలా కష్టం.

యూరప్‌లో లెక్క వేరు. ఏ 180 రోజులు తీసుకున్నా షెంగెన్ దేశాలన్నీ (జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) కలిపి 90 రోజులు మించకూడదు. దిగిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మే 6 నుంచి జూన్ 12 దాకా మీకు 38 రోజులు, ఏ చిక్కూ లేదు. అప్లికేషన్ ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. స్టుట్‌గార్ట్‌లో ఎక్కువైతే జర్మనీకి, ఐండ్‌హోవెన్‌లో ఎక్కువైతే నెదర్లాండ్స్‌కి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. లండన్‌లో విజిటర్ వీసా మీద ఒక్కో రాకకు 6 నెలల దాకా ఉండనిస్తారు కాబట్టి అక్కడ చింత లేదు.

వీసాల వరస ఇలా పెట్టుకోండి. ఇంటర్వ్యూ తేదీకి ఎక్కువ ఆగాల్సింది అమెరికాకే, అది ఇప్పుడే మొదలుపెట్టండి. తర్వాత కెనడా: అప్లికేషన్ ఆన్‌లైన్, వేలిముద్రలు వీఎఫ్‌ఎస్ అనే వీసా అప్లికేషన్ సెంటర్లో ఇస్తారు, పాస్‌పోర్ట్ ఆఖర్న స్టాంపింగ్‌కి మాత్రమే పంపాలి. యూకేకి ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే పెట్టుకోనిస్తారు, అంటే మీకు జనవరి 15. నిర్ణయానికి సాధారణంగా 3 వారాలు. షెంగెన్‌కి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా లాగుతారు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: యూకే వాళ్ల దగ్గర పాస్‌పోర్ట్ ఉండగా షెంగెన్ అపాయింట్‌మెంట్ వచ్చేస్తుంది. అందుకే రెండింటి మధ్య నెల రోజుల ఎడం పెట్టండి.

డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ దగ్గర "అమ్మాయిని చూడ్డానికి వచ్చాం, నవంబర్‌లో వెళ్లిపోతాం" అనండి, అంతే. "మనవడిని చూసుకోవడానికి" అన్న మాట రానీయొద్దు. దాన్ని పిల్లల్ని చూసుకునే పని కింద లెక్కేసి మరిన్ని ప్రశ్నలు వేస్తారు.

కాకినాడ_కాజా

మందుల గురించి రాస్తాను. ఎవరూ ముందుగా చూసుకోనిది ఇదే.

అమెరికాలోకి సొంత వాడకానికి 90 రోజుల మందులు తెచ్చుకోవచ్చన్నది మామూలు కొలత. మీరు డాలస్‌లో దిగేసరికి 58 రోజులు గడిచిపోతాయి. కాబట్టి ఇక్కడి నుంచి 58, 90 కలిపి దాదాపు 150 రోజులకు తీసుకోండి. అవి సెప్టెంబర్ పది దాకా వస్తాయి. మిగిలిన రెండున్నర నెలలకు అక్కడే డాక్టరుకు చూపించి రాయించుకోవాలి. జూలైలోనే ఆ పని పూర్తిచేయండి, మందు అయిపోయే వారం దాకా ఆగొద్దు. ఇండియా నుంచి కొరియర్‌లో తెప్పించుకుంటే కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు మందు పేర్లలో ఉంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ అమెరికాలో ఎక్కడైనా చవకగా దొరుకుతాయి. కానీ మన దగ్గర షుగర్‌కి విరివిగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, బీపీకి రాసే సిల్నిడిపిన్ అక్కడ అమ్మరు. మీ చీటీలో వీటిలో ఏదున్నా, బయలుదేరడానికి రెండు నెలల ముందే మీ డాక్టరుతో మాట్లాడి అక్కడ దొరికే మందుకు మారండి. కొత్త మందు మీకు పడుతోందో లేదో ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది. మూడు నాలుగు మందులు కలిపి ఒకే బిళ్లగా చేసిన కాంబినేషన్లు అక్కడి ఫార్మసిస్టుకు అర్థం కావు. చీటీలో ఒక్కో మందు జెనరిక్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఇంగ్లిష్‌లో టైప్ చేయించి డాక్టరు సంతకం, స్టాంపు వేయించండి. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాల్లో పోయొద్దు, షాపు ప్యాకింగ్‌లోనే ఉంచండి. ఇన్సులిన్ ఉంటే క్యాబిన్ బ్యాగులోనే, లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవుతుంది.

ఇంకోటి. లండన్, టొరంటోల్లో షుగర్‌ని మిల్లీమోల్స్‌లో చెబుతారు. మన 100 అక్కడ 5.6, మన 180 అక్కడ 10. వాళ్ల అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. గ్లూకోమీటర్ మీది తీసుకెళ్లండి, స్ట్రిప్పులు కూడా ఇక్కడివే సరిపడా పెట్టుకోండి.

ఇన్సూరెన్స్: షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఇండియాలో కొనే పాలసీలు చాలావరకు ఒక్క ప్రయాణానికి 180 రోజుల దాకానే ఇస్తారు, మీది 220 దాటుతుంది. యూకే, యూరప్‌లకు ఇక్కడి పాలసీ ఒకటి, అమెరికా, కెనడాలకు అక్కడి విజిటర్ పాలసీ ఒకటి విడిగా తీసుకోవడం మేలు. అమెరికా భాగానికి "ఫిక్స్‌డ్ బెనిఫిట్" పాలసీ వద్దు. అందులో రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని కట్టేసి ఉంటుంది, అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లు వస్తుంది. "కాంప్రిహెన్సివ్" చూడండి, అందులోనూ పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో, మీ వయసుకు ఆ పరిమితి ఎంతో చదివాకే డబ్బు కట్టండి. ఇండియాలో ఉన్న హెల్త్ పాలసీ రెన్యువల్ మాత్రం మానొద్దు, ఆపితే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొస్తుంది.

పచ్చళ్ల_జాడీ

మీ పెట్టెలు డాలస్ కన్నా ముందు లండన్, జర్మనీ కస్టమ్స్ దాటాలి, అందుకని వాటి నియమాలే మీకు లెక్క. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఆ రెండు చోట్లా తీసుకురానివ్వరు. నెయ్యి, కోవా, గోంగూర మటన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. నెయ్యి డాలస్‌లో ప్రతి ఇండియన్ షాపులో ఉంటుంది.

ఆవకాయ, మాగాయ, కంది పొడి తీసుకెళ్లొచ్చు. అమెరికాలో కస్టమ్స్ దగ్గర తిండి ఉందని చెప్పేయండి. చెప్పాక వద్దంటే తీసి పడేస్తారు, అంతే. చెప్పకుండా దొరికితే జరిమానా. పచ్చి కరివేపాకు ఒక్క రెమ్మ కూడా వద్దు, నిమ్మజాతి చెట్లను పాడుచేసే పురుగు దాని మీద వస్తుందని అమెరికాలో నిషేధం.

పచ్చడి కారడానికి కారణం జాడీ నిండా నింపడం. అంగుళం ఖాళీ వదిలి, పైన తేలే నూనె కొంత తీసేసి, మూతి మీద ప్లాస్టిక్ కవరు పరిచి మూత బిగించండి. మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్‌లాక్ కవర్లలో పెట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ నిలువుగా ఉంచాలి. చెక్-ఇన్‌లోనే, క్యాబిన్‌లోకి రానివ్వరు.

కరకట్ట_రోడ్

చాలా థాంక్సండీ. తిరుగు ప్రయాణం నవంబర్ 24కి మారుస్తాను. నేను వేసుకునేవాటిలో గ్లిక్లజైడ్ ఉంది, డాక్టరును కలుస్తాను. ఇంకో రెండు: లైఫ్ సర్టిఫికెట్ నవంబర్‌లో కదా, బ్యాంకు ఓటీపీలు ఎలా? ఇన్నాళ్లు బయట ఉంటే ఎన్నారై అయిపోతామా?

ట్రెజరీ_వీధి

ఎన్నారై భయం వద్దు సార్. 182 రోజుల వెసులుబాటు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు. మీలా చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉంటే రెసిడెంటే. ఏప్రిల్ మొదటి రెండు వారాలు, తిరిగొచ్చాక మార్చి దాకా కలిపితే మీకు 140 రోజులు దాటుతాయి. ఖాతాలు మార్చక్కర్లేదు. రిటర్న్ ఎప్పటిలాగే జూలై 31 లోపు వేసి, 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయండి.

లైఫ్ సర్టిఫికెట్‌కి జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్, ఆధార్ ఫేస్ఆర్‌డీ యాప్ రెండూ హైదరాబాద్‌లోనే ఫోన్‌లో వేసుకుని, ఒకసారి ముఖం స్కాన్ అయ్యేదాకా చేసి చూడండి. డాలస్‌లో నవంబర్ మొదటి వారంలోనే ముఖం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చుని చేయండి, వెలుగు వెనకుంటే స్కాన్ తిరస్కరిస్తుంది. పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, పెన్షన్ ఖాతా నంబరు, పెన్షన్ ఇచ్చే శాఖ పేరు రాసుకెళ్లండి. యాప్ మొరాయిస్తే 24న బయలుదేరి ఇంటికి వచ్చాక బ్యాంకులో ఇచ్చుకోవచ్చు, నెలాఖరు దాకా సమయం ఉంటుంది. గడువు తప్పినా పెన్షన్ ఆగుతుంది తప్ప పోదు, ఇచ్చాక బకాయిలతో వస్తుంది.

ఓటీపీకి: ఏప్రిల్‌లోనే ఏడాది వ్యాలిడిటీ రీఛార్జ్ చేసి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. వచ్చే ఎస్సెమ్మెస్‌కి రోమింగ్‌లో డబ్బు పడదు. ఇండియా సిమ్ ఫోన్‌లోంచి తీయొద్దు, దాని డేటా రోమింగ్ ఆఫ్ చేసి, ఆ దేశపు డేటాకి ఈ-సిమ్ వాడండి. బ్యాంకులో ఈమెయిల్ ఓటీపీ కూడా పెట్టించండి. డెబిట్ కార్డు గడువు డిసెంబర్ లోపు అయిపోయేలా ఉంటే ముందే మార్పించండి, కొత్త కార్డు పోస్టులో తాళం వేసిన ఇంటికే వస్తుంది. కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్ల విలువ దాకానే, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోండి.