సఫ్తాకి హమీన్ వండాలి, ఈ శుక్రవారం నేనే – తెలిసినవాళ్లు చెప్పండి

అక్కలకు, అన్నలకు నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ ఇజ్రాయెల్‌లో పెతాహ్ తిక్వాలో 86 ఏళ్ల పెద్దావిడను చూసుకుంటున్నాను, అమ్మమ్మ అన్నట్టు సఫ్తా అనే పిలుస్తాను. వీళ్లు యూదులు. ప్రతి శుక్రవారం ఆమె కూతురు హమీన్ (మాంసం, బీన్స్ రాత్రంతా ఉడికించి శనివారం తినే కూర) వండి తెచ్చేది, ఇప్పుడు ఆమెకు కాలు విరిగింది. మూడు వారాల నుంచి సఫ్తా శనివారం సరిగా తినడం లేదు, నిన్న నోరు తెరిచి అడిగింది. నేను పెద్దకూర తినను, కాబట్టి ఉప్పు రుచి చూడలేను. పైగా వీళ్లు మాంసం, పాలు కలపరని కొత్తలో తెలియక మాంసం గిన్నెలో నెయ్యి వేశాను, ఆ గిన్నె మళ్లీ ఎవరూ ముట్టలేదు, ఆ భయం ఇంకా పోలేదు. కొలతలతో చెప్పండి ప్లీజ్.

జవాబు (హైఫా నుంచి):
చెల్లె, టెన్షన్ పడకు, ఆరేళ్లుగా వండుతున్నా. కోషర్ (యూదుల తిండి నియమాల ప్రకారం అమ్మే) దుకాణంలో 8వ నంబర్ మాంసం అడుగు, ఇక్కడ ముక్కలను నంబర్లతో పిలుస్తారు. దీన్ని శ్రీర్ అంటారు, ముందు కాలి కండ. చూడటానికి నరాలు, జిగురుగా ఉంటుంది, కానీ రాత్రంతా ఉడికితే ఆ జిగురంతా కరిగి పులుసు చిక్కబడుతుంది. ఖరీదైన మెత్తటి ముక్క కొంటే తెల్లారేసరికి పీచు పీచు అవుతుంది. కిలో మాంసం, రెండు మూలుగు బొక్కలు చాలు.

గురువారం రాత్రే 2 గ్లాసుల బీన్స్ నానబెట్టు. ఎర్ర రాజ్మా అయితే ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో 10 నిమిషాలు కుతకుత ఉడికించాకే కుండలో వెయ్యి, సన్న సెగ మీద మాత్రమే ఉడికితే కడుపులో తిప్పుతుంది, ముసలివాళ్లు కదా. పెద్ద కుండలో నూనె పోసి మూడు ఉల్లిగడ్డలు బాగా ఎర్రగా, దాదాపు నల్లబడేదాకా వేయించు, కూర రంగంతా అక్కడే వస్తుంది. మాంసం వేసి అన్ని వైపులా తిప్పు. తర్వాత బీన్స్, గ్లాసు బార్లీ, 2 చెంచాల పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరపపొడి), చెంచా సిలాన్ (ఖర్జూరం పాకం), పైన ఆలుగడ్డలు కోయకుండా, కడిగిన గుడ్లు పెంకుతోనే. నీళ్లు రెండు వేళ్లు పైకి ఉండాలి, బార్లీ చాలా తాగుతుంది. రెండున్నర గంటలు సన్న సెగ మీద ఉడికించి ప్లాటా (రాత్రంతా వేడిగా ఉంచే కరెంటు పళ్లెం) మీదికి మార్చు. హలీంలా మెదపకు.

ఉప్పు సంగతి: కోషర్ మాంసాన్ని ముందే నానబెట్టి, ఉప్పు పట్టించి, రక్తం లాగేశాక కడిగి అమ్ముతారు. కొంత ఉప్పు అందులోనే ఉంటుంది, ఒకటిన్నర చిన్న చెంచా చాలు.

జవాబు (జెరూసలేం నుంచి):
అన్న చెప్పింది బాగుంది కానీ అసలు మాట మిగిలిపోయింది. స్టవ్ నువ్వు వెలిగించకు చెల్లె! యూదులు కానివాళ్లు ఒక్కరే వండితే చాలా ఇళ్లలో తినరు. సఫ్తా చేత్తో గ్యాస్ వెలిగించు, ప్లాటా స్విచ్ కూడా ఆమే వెయ్యాలి. పోలండ్, రష్యా వైపు నుంచి వచ్చిన ఇళ్లలో మామూలుగా అంతే చాలు. మొరాకో, ఇరాక్ వాళ్లయితే కుండను కూడా వాళ్లే మంట మీద పెట్టాలంటారు. కూతురికి ఫోన్ చేసి అడుగు. మాంసం ప్యాకెట్ కూడా సీలుతోనే తెచ్చి సఫ్తా ముందు విప్పు. ఇదంతా మనల్ని దూరం పెట్టడం అనుకోకు, మొదట్లో నాకూ మనసు చివుక్కుమంది, కానీ అది వాళ్ల తాతముత్తాతల పట్టింపు.

ఇంకొకటి, శుక్రవారం పొద్దు గూకితే వాళ్లకు షబ్బాత్ (వంట చేయకూడని విశ్రాంతి రోజు) మొదలవుతుంది, ఆలోపే అన్నీ అయిపోవాలి. తర్వాత మూత తీసి కలపడం, చల్లనీళ్లు పోయడం వద్దు. నీ పెరుగన్నం గిన్నె, చెంచా మాంసం గిన్నెలు కడిగే సింక్‌లో పెట్టకు. కూర తిన్నాక సఫ్తాకి పాల కాఫీ ఇవ్వకు, కొందరు 6 గంటలు ఆగుతారు, ఆ ఇంట్లో ఎంతో కనుక్కో.

ప్రశ్న అడిగిన చెల్లె:
అక్కా, అన్నా, వండాను. కూతురు ఫోన్‌లో అంతా చెప్పింది, వాళ్లది పోలండ్. వీల్‌చైర్ స్టవ్ దాకా తోసుకెళ్లాను, సఫ్తా చెయ్యి వణుకుతోంది, నేను నాబ్ ముట్టకుండా మోచెయ్యి కింద పట్టుకున్నాను, మూడోసారికి అంటుకుంది. ఆలుగడ్డలు తొక్క తీస్తానని కత్తి కూడా అడిగింది, రెండు తీసింది. శనివారం మధ్యాహ్నం మూత తీస్తే గుడ్లు గోధుమ రంగులో ఉన్నాయి, పాడయ్యాయేమో అనుకున్నాను, అలాగే ఉండాలట. రెండుసార్లు పెట్టించుకుంది. ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపి, వచ్చే వారం బార్లీ తగ్గించమంది.