ద్రవ్యలోటు 4.8 నుంచి 4.4 శాతానికి దిగితే అప్పు తగ్గినట్టేనా?

గుణుపురం టీచరు:
మాది ఒడిశా రాయగడ జిల్లా. ప్లస్ టూ, ప్లస్ త్రీ పిల్లలకి ఎకనామిక్స్ ట్యూషన్ చెప్తాను. చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగు. కేంద్రం లోటు 2024-25లో 4.8 శాతం, 2025-26 బడ్జెట్లో 4.4 శాతం అని బోర్డు మీద రాస్తే, ఒకమ్మాయి "అయితే అప్పు తీరుస్తున్నట్టే కదా టీచర్" అంది. కాదన్నాను. లెక్క వేసి చూపించాలంటే ఎక్కడ మొదలెట్టాలండీ?

పర్లాకిమిడి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, శాతాలు చెరిపేసి ముందు రూపాయలు రాయించండి. 2025-26 బడ్జెట్లో ఖర్చు 50.65 లక్షల కోట్లు. అప్పులు పోను రాబడి 34.96 లక్షల కోట్లు. తేడా 15.69 లక్షల కోట్లు. ఖర్చులో చూస్తే ఇది 31 శాతం! 4.4 అనేది జీడీపీలో, అంటే దేశం ఏడాదిలో చేసే మొత్తం ఉత్పత్తి విలువలో వాటా. అది సుమారు 357 లక్షల కోట్లు.

దాని కిందే 2024-25 సవరించిన అంచనా రాయించండి. అదీ దాదాపు 15.7 లక్షల కోట్లే. లోటు రూపాయల్లో పెద్దగా తగ్గలేదు. ధరల పెరుగుదలతో కలిపి జీడీపీ 10.1 శాతం పెరుగుతుందని లెక్క కట్టారు, అందుకే శాతం దిగింది. ఇది మోసం కాదమ్మా. లక్ష అప్పు కూలివాడికి కొండ, షావుకారికి చిల్లర. అప్పుని ఆదాయంతోనే తూచాలి. కానీ లోటు అంటే ఆ ఏడాది చేసే కొత్త అప్పు. పాతదాని మీద అది చేరుతుందే గానీ పాతది తీరదు.

ఆఖరున వడ్డీ రాయించండి: 12.76 లక్షల కోట్లు. లోటులోంచి అది తీసేస్తే మిగిలేది 2.93 లక్షల కోట్లు, జీడీపీలో 0.8 శాతం. అంటే పాత అప్పుల వడ్డీయే, కొత్తగా చేసే అప్పులో ఐదింట నాలుగు వంతులంత ఉంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

జయపురం కుర్రాడు:
అప్పంటే అంత భయమేటండి? మన నౌపడా-గుణుపురం చిన్న లైను బ్రాడ్‌గేజ్ అయింది సర్కారు డబ్బుతోనే కదా.

పర్లాకిమిడి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
బాబూ, అలాంటి పనికి అప్పు చేస్తే నేనూ చేతులెత్తి దండం పెడతాను. కానీ అదే బడ్జెట్లో రెవెన్యూ లోటు, అంటే మామూలు ఖర్చులకి మామూలు రాబడి చాలక పడే లోటు, 5.24 లక్షల కోట్లుంది. అంటే అప్పులో మూడో వంతు జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు, వడ్డీల్లాంటి ఖర్చుకే పోతోంది. రైలు పట్టాలకి కాదు.

గుణుపురం టీచరు:
చాలా థాంక్సండీ, రేపు ఇదే వరసలో రాయిస్తాను. పుస్తకంలో 3 శాతం హద్దు అని ఉంది, అదింకా ఉందా?

పర్లాకిమిడి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
అది 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం (ఎఫ్‌ఆర్‌బీఎం) మాటమ్మా. 2026-27 నుంచి మొత్తం అప్పునే గురిగా పెట్టుకుంటామన్నారు. 2025-26లో జీడీపీలో 56.1 శాతమని అంచనా. 2031 మార్చికల్లా 50 దగ్గరికి తేవాలి, ఒక శాతం అటో ఇటో. ఆ రెండంకెలూ కూడా రాయించండి.