పాలు ఎక్కువిచ్చే ఆవు చూడి కట్టకపోవడం వంశలక్షణమా?

ప్రశ్న (పలమనేరు పాడిరైతు):
మా దొడ్డిలో 6 హెచ్‌.ఎఫ్‌. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు ఉన్నాయి. వాటిలో రోజుకు 22 లీటర్లు ఇచ్చే ఆవు ఈని 7 నెలలైనా చూడి కట్టలేదు. 4 సార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తోంది. దీని తల్లి కూడా ఇలాగే తిరగపొర్లేది. 12 లీటర్లే ఇచ్చే పక్క ఆవు మాత్రం ఒక్క సూదికే నిలుస్తుంది. ఇది వంశంలో వచ్చే గుణమైతే దీని పెయ్యను ఉంచుకోవాలా, అమ్మేయాలా? వీర్యం ఎంచుకునేటప్పుడు ఆబోతు తల్లి పాలదిగుబడి కాక ఇంకేమి అడగాలో కూడా తెలుపగలరు.

జవాబు (పశువైద్యుడు):
మీ అనుమానంలో కొంత నిజముంది, కానీ వంశాన్ని నిందించే ముందు మేతను చూడాలి. ఈనిన తొలి వారాలలో ఎక్కువ పాలిచ్చే ఆవు తిన్నదానికంటే ఎక్కువ శక్తిని పొదుగుకు పంపుతూ తన ఒంటి కొవ్వును కరిగించుకుంటుంది కాబట్టి, ఎద ఆలస్యం కావడం, వచ్చినా అండం బలహీనంగా ఉండడం సహజం. పాల కోసం ఏరి ఏరి పెంచిన జాతులలో మేతను పొదుగువైపు మళ్లించే ఈ స్వభావం జన్యువులలోనే బలపడింది. మన ఎండ దానికి తోడవుతుంది.

అయితే ఒకే జాతి ఆవుల మధ్య పాలదిగుబడిలో కనిపించే తేడాలో దాదాపు పావు నుంచి మూడో వంతు వరకు జన్యువుల వల్ల వస్తే, చూడి కట్టే గుణంలో అది నూటికి పది పాళ్లకు కూడా చేరదు. కనుక తల్లి పొర్లినంత మాత్రాన పెయ్య కూడా పొర్లుతుందని తీర్మానించకండి. ముందు గర్భాశయాన్ని పరీక్ష చేయించి, దాణాను, ఖనిజలవణాలను సరిచేయండి. ఎదను ఉదయం, సాయంత్రం గమనించి సరైన వేళకు సూది వేయించండి.

జవాబు (పశుజన్యుశాస్త్ర విద్యార్థి):
వంశం వల్ల ఎంత నష్టం రాగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1962లో అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు కూతుళ్లు పాలు విపరీతంగా ఇవ్వడంతో దాని వీర్యాన్ని ఎంతగా వాడారంటే, ఆ జాతి జన్యువులలో దాదాపు 14 శాతం దాని నుంచే వచ్చిందని లెక్కగట్టారు. దానితోపాటే ఏపీఏఎఫ్1 అనే జన్యువులో ఒక లోపం కూడా వ్యాపించింది. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందిన పిండం బతకదు, ఆవు ఈసుకుపోతుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలా పోయిన చూళ్లు సుమారు 5 లక్షలని అంచనా. 2011లో వేల ఆవుల జన్యు సమాచారాన్ని చూసి, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రూపంలో అందిన పశువు ఒక్కటీ కనబడని జన్యు భాగాన్ని వెతికి దీన్ని పట్టుకున్నారు: లేనిదాన్ని లెక్కబెట్టి లోపాన్ని కనిపెట్టడమన్నమాట! అయినా చీఫ్ వల్ల పెరిగిన పాల విలువ ఆ నష్టాన్ని ఎన్నో రెట్లు మించిందని అదే అంచనా చెబుతోంది.

ప్రశ్న వేసిన రైతు:
నూటికి పది పాళ్లు కూడా లేని గుణం కోసం ఆబోతును ఎంచుకోవడంలో ఫలితముంటుందా?

జవాబు (పశువైద్యుడు):
ఉంటుంది. ఒక్క ఆవు లెక్కను బట్టి ఏమీ తెలియదు కానీ, ఒకే ఆబోతుకు పుట్టిన వందలాది కూతుళ్లను వేర్వేరు దొడ్లలో గమనిస్తే మేత, ఎండ, యజమాని శ్రద్ధ వల్ల వచ్చే తేడాలు ఒకదాన్నొకటి సర్దుకుని, ఆబోతు ఇచ్చినది బయటపడుతుంది. నార్వేవారు 1975 నుంచి ప్రతి ఆవు రోగాలనూ దేశమంతటా నమోదు చేసి, పొదుగువాపును, చూడి కట్టే శక్తిని ఆబోతుల ఎంపికలో పాలతోపాటే తూచారు. అమెరికాలో 2003లో కూతుళ్ల చూడి రేటును ఆబోతు మూల్యాంకనంలో చేర్చాక, దశాబ్దాలుగా సాగిన దిగజారుడు ఆగింది. మన దగ్గర 2021లో హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ దేశీ ఆవుల కోసం ఇండిగౌ అనే జన్యు చిప్‌ను (పశువు జన్యువులలోని తేడాలను చదివే సాధనాన్ని) విడుదల చేసింది. కానీ చిప్ ఎంత మంచిదైనా దొడ్డిలో రాసిపెట్టిన లెక్కలు లేకపోతే దానికి పోల్చుకునేందుకు ఏమీ ఉండదు.

వీర్యం తీసుకునేటప్పుడు ఆబోతు కూతుళ్ల చూడి రేటు, పొదుగువాపు వివరాలు, తెలిసిన జన్యులోపాల పరీక్ష ఫలితం అడగండి. పెయ్యను ఇప్పుడే అమ్మకండి. అది మొదటిసారి ఎన్ని సూదులకు నిలిచిందో, ఈనాక ఎన్నాళ్లకు మళ్లీ ఎదకు వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకుని, రెండో ఈత తరువాత నిర్ణయించుకోండి.