అప్‌డేట్: గుళికల్లో వాసన నిలిచింది

ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) గుళికల్లో బంధించిన నిమ్మతొక్క నూనె రెండు రోజులకే వాసన కోల్పోతోందని లోగడ అడిగాను కదా, కారణం దొరికింది. కాల్షియంతో గట్టిపడిన ఆల్జినేట్ జెల్ వలలాంటిది. నిమ్మతొక్క నూనెలో ముఖ్యమైన లిమొనీన్ వంటి చిన్న అణువులు ఆ కన్నాల్లోంచి సులువుగా జారిపోతాయి.

మీరు చెప్పినట్టే, 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించిన కైటోసాన్‌లో (రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) గుళికలను అరగంట నానబెట్టాను. ఆల్జినేట్‌ది ఋణావేశం, కైటోసాన్‌ది ధనావేశం. రెండూ అతుక్కుని పైన పొర కట్టాయి. తడి గుళికను వేళ్లతో నొక్కితే మునుపటిలా చితకలేదు, రబ్బరులా అణిగి మళ్లీ గుండ్రబడింది! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆరబెట్టిన గుళికలను మూడు వారాల తర్వాత గోటితో గీరినా తాజా వాసన వస్తోంది.

నూనెను ఆల్జినేట్ ద్రావణంలో గుళికలు కట్టేముందే బాగా చిలకాలి. మొదటి విడతలో నేను తొందరపడితే నూనె పైకి తేలిపోయింది. ఇక వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌తో ఇదే పని మొదలుపెడుతున్నాను.